రెప్పల మీద రాసిన మందు

"రెప్పల మీద కూడా రాసుకో. అక్కడే ఎర్రగా కనిపిస్తోంది," అన్నాడు భర్త, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. అప్పుడామెకి పొయ్యి మీద పాలు, చేతిలో కూతురి జడ, నోట్లో రిబ్బను. నోట్లో రిబ్బను ఉంది కాబట్టి జవాబు చెప్పలేదు. లేకపోయినా చెప్పేది కాదు. ఆరేళ్ళుగా పూటపూటా ఆ మందు రాసుకుంటూనే ఉంది.

ఆయన మందుల షాపులో కౌంటరు వెనక నిలబడే మనిషి. వీధి వీధంతా డాక్టరుగారూ అని పిలుస్తుంది, ఆయనా కాదనడు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు గానీ, ఈ ఇంట్లో పెరటి చెట్టు తప్ప వేరే మందు లేదు. పెళ్ళాం మొహం మీదా రెప్పల మీదా దురద పుట్టి పొలుసులు లేస్తే ఇంకో డాక్టరు దగ్గరికి పంపడమా? పరువేం కాను! మర్నాడే ఓ ట్యూబు తెచ్చాడు. నిజం చెప్పొద్దూ, మంత్రం వేసినట్టు మూడు రోజుల్లో మొహం నున్నబడింది. మానేస్తే వారంలోగా రెట్టింపై తిరిగొచ్చేది. మళ్ళీ రాసుకునేది. "హమ్మయ్య, ఇప్పుడు మనిషిలా ఉన్నావు," అని అత్తగారు మెచ్చుకుంది. అంతకుముందు ఎలా ఉందో ఆవిడ చెప్పలేదు, ఈమె అడగలేదు.

బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే పెద్ద షాపులో ఆమెది రఫూ పని. ఖరీదైన కోటుకి చిల్లు పడితే, ఆ గుడ్డలోంచే పోగులు లాగి, చిల్లు ఎక్కడుందో చూసినవాళ్ళక్కూడా తెలియకుండా అల్లేస్తుంది. మొహం ఎర్రబడిన రోజుల్లో యజమాని ఆమె కుర్చీని వెనక గదిలో వేయించాడు. "వచ్చేవాళ్ళు అంటుకుంటుందేమో అనుకుంటారమ్మా, నాకైతే ఏం లేదు," అన్నాడు. మొహం బాగుపడింది. కుర్చీ మాత్రం ముందు గదికి తిరిగి రాలేదు.

ఈ ఏడు ఏదో మొదలైంది. దీపాల చుట్టూ రంగురంగుల వలయాలు కనిపించేవి. గుమ్మం దాటబోతే భుజం తలుపుకి కొట్టుకునేది. ఒకరోజు చెయ్యి తగిలి అత్తగారి కాఫీ ఒలికిపోయింది. "కళ్ళు నెత్తికెక్కాయటే?" అందావిడ. భర్త పకపకా నవ్వాడు. "ఏదీ, సూదిలో దారం ఎక్కించు చూద్దాం," అన్నాడు. మొదటిసారికే ఎక్కించింది. "చూశావా అమ్మా, దీని కళ్ళకేం? గుండ్రాయిలా ఉంది. ఒట్టి పరధ్యానం!"

ఆ మాట ఆమె నమ్మింది. నమ్మక చస్తుందా, రోజంతా వెంట్రుకంత పోగులు చూసి అల్లే మనిషి! పరధ్యానమే అనుకుని తనని తనే తిట్టుకుంది, ఇంట్లో వాళ్ళు తిట్టే శ్రమ తప్పించింది. నడిచేటప్పుడు లెక్కపెట్టుకుంటూ నడిచింది, గిన్నె పెట్టిన చోటు పైకి చెప్పుకుంటూ పెట్టింది. అయినా దెబ్బలు తగులుతూనే ఉన్నాయి. ఒకనాడు స్నానం చేస్తూ చూసుకుంటే భుజం మీద, మోచేతి మీద, తుంటి మీద కమిలిన మచ్చలు. అన్నీ ఎడమ వైపే. కుడి వైపు ఒక్కటీ లేదు. పరధ్యానం ఒక పక్కనే ఎలా ఉంటుంది? ఆ ప్రశ్న ఎవరినడగాలో తెలియక బట్టలు కట్టుకుని బయటికొచ్చి అన్నం వండింది.

ఆ వారంలోనే, బడి నుంచి కూతుర్ని తీసుకొస్తోంది. చిన్నది ఆమె ఎడమ చెయ్యి పట్టుకుని నడుస్తోంది. వీధి దాటబోతుంటే "అమ్మా, సైకిలు!" అని కేక. మరుక్షణం పిల్ల నేల మీద ఉంది, మోకాలు చీరుకుపోయి, గడ్డం పగిలి. సైకిలాయన కిందికి దూకాడు. "గంట కొడుతూనే ఉన్నానమ్మా! చూస్తూ చూస్తూ పిల్లని ఎదురు లాక్కొచ్చావేంటి?"

ఆమె చూడలేదు. పిల్లని ఎత్తుకుని ఇంటికి నడిచింది. ఇంట్లో గాయం కడుగుతూ భర్త అన్నాడు: "అసలు కన్నతల్లివేనా నువ్వు?"

మర్నాడు షాపులో సగం రోజు సెలవడిగి, ఎవరికీ చెప్పకుండా కంటి ఆసుపత్రికి వెళ్ళింది. తెల్లటి డొప్పలాంటి మిషనులో గడ్డం ఆనించి, కుడి కన్ను మూసి, చేతికో మీట ఇచ్చారు. వెలుగు చుక్క కనిపించినప్పుడల్లా నొక్కాలట. కాసేపు నొక్కింది. తర్వాత చుక్కలు రావడం మానేశాయి. ఎదురుచూసింది, మెడ నొప్పెట్టింది. "మిషను ఆగిపోయిందాండీ?" అని అడిగింది.

"లేదమ్మా, చుక్కలు వస్తూనే ఉన్నాయి," అంది పరీక్ష చేసే అమ్మాయి, మెల్లగా.

మొహానికి ఏం రాస్తావని అడిగి, డాక్టరమ్మ ఆమె సంచిలోని ట్యూబు తీయించి చూసింది. "ఇది స్టిరాయిడమ్మా. ఇన్నేళ్ళు రెప్పల మీద రాస్తే కంట్లో ఒత్తిడి పెరిగిపోయింది. గ్లాకోమా, నీటికాసులంటారు. నొప్పుండదు. ముందు పక్కచూపు పోతుంది. ఎదురుగా ఉన్నది చివరిదాకా బాగానే కనిపిస్తుంది కాబట్టి ఎవరికీ తెలియదు. ఎడమ కన్ను బాగా పోయింది. కుడి కంట్లో మొదలైంది."

"పోయింది వస్తుందాండీ?"

"రాదు. ఉన్నది కాపాడుకుందాం. చుక్కల మందు రాస్తాను, చర్మం డాక్టరుకి చీటీ ఇస్తాను. ఈ ట్యూబు మాత్రం ఇక వద్దు. కొన్నాళ్ళు మొహం మండిపోతుంది, ఓర్చుకోవాలి. అవునూ, పెట్టెలో కాగితం ఉంటుంది, రెప్పల మీద రాయొద్దని. చదవలేదా?"

"పెట్టె ఎప్పుడూ ఇంటికి రాలేదండీ."

సాయంత్రం భోజనాల దగ్గర అంతా చెప్పింది. "వాడు నీ మంచికే కదా తెచ్చాడు," అంది అత్తగారు. భర్త మజ్జిగ పోసుకుంటున్నాడు.

"పెట్టెలేమయ్యాయండీ?" అని అడిగింది.

"షాపులోనే తీసేసేవాణ్ణి. అందులో భయపెట్టేవన్నీ రాస్తారు. చదివితే మానేస్తావు. మానేస్తే మళ్ళీ ఆ మొహం..." అని ఆగాడు. "అందరికీ అవుతుందా ఏంటి? ఆదివారం మా ఓనరు భోజనానికి పిలిచాడు. అప్పటిదాకా రాసుకో, తర్వాత చూద్దాం."

ఎడమ మణికట్టుకి చల్లగా ఏదో తగిలి ఆమె ఉలిక్కిపడింది. కొత్త ట్యూబు. అది పట్టుకున్న ఆయన చెయ్యి. ఎప్పుడు చాచాడో, ఎక్కడిదాకా వచ్చిందో ఆమెకు తెలియనే లేదు.

కంచం తీసుకుని లేచి, బల్ల అవతలికి వెళ్ళి, ముగ్గురూ ఎదురుగా కనిపించే చోట కూర్చుంది.

"ఇకమీదట నా ఎడమ పక్కన కూర్చోకండి," అంది. "మీరేం చేస్తున్నారో నాకు కనబడాలి."