ఒవాదియా కొత్త కోటు

దినాలను మాసాలుగా, మాసాలను సంవత్సరాలుగా కూర్చి మాకు పంచిపెట్టే లోకాధిపతీ, నీకు వందనం. నీవిచ్చిన ఏడాదినంతటినీ కోపానికే ధారపోసిన యెరూషలేము వనిత గెయూలా కథ ఇది.

ప్రతి శుక్రవారంలాగే ఆనాడూ గెయూలా రవ్వముద్దల్లో మాంసం కూరి, కుబ్బాలు చేసి, బీట్‌రూట్ పులుసులో వేస్తోంది. పిండిని పిసుకుతున్నట్టు లేదు, ఎవరిదో పీక నొక్కుతున్నట్టుంది.

నిరుడు, తల్లి పోయిన నెలలోపే ఆమె తమ్ముడు ఒవాదియా కొత్త కోటు తొడుక్కుని ప్రార్థనామందిరానికి వచ్చాడు. యూదుల ఆచారంలో తల్లి పోయిన ఏడాదిలో బిడ్డలు కొత్తబట్ట కట్టరాదు. పైగా అతడు కొత్తవాటికి చెప్పే స్తుతిని గట్టిగా చదివాడు: "మమ్ము బ్రతికించి, నిలిపి, ఈ వేళకు చేర్చినవాడా, నీకు స్తుతి." మేడమీద స్త్రీల వరుసలో ఉన్న గెయూలా విన్నది. అమ్మను మట్టిలో పెట్టి, తాను బ్రతికున్నందుకు పండుగ చేసుకుంటున్నాడా అని నలుగురిలో కడిగివేసి, ఆనాటినుంచి అతని ముఖం చూడలేదు.

ఆ వీధిలో, తోడబుట్టినవారు ముఖం చూడని మనిషి పలచబడతాడు. ఏడాది నిండితే మాయమవుతాడు. ఒవాదియా కోసం బస్సులు ఆగడం మానేశాయి. అంగట్లో అతణ్ని దాటించి వెనకవారికి తూచి ఇస్తున్నారు. ఈ సాయంత్రం దీపాల వేళకు ఏడాది నిండుతుందని చెప్పిన పొరుగామె సబ్రియా, గుప్పెడు ఉప్పు అడిగి తీసుకుని వెళ్లిపోయింది.

మధ్యాహ్నం అతడు గుమ్మంలో నిలిచాడు. అతని ఛాతీగుండా ఎదురింటివాళ్లు ఆరేసిన దుప్పటి కనిపిస్తోంది.

"అక్కా, నా ముఖం చూసి ఆ స్తుతే చెప్పు, మళ్లీ గట్టిపడతాను. నెల దాటాక కనబడ్డ అయినవాళ్లను చూసినప్పుడూ చెప్పేదేగా."

"చూసి సంతోషం కలిగితే చెప్పేది. నిన్ను చూస్తే నాకు ఒళ్లు మండుతోంది."

"ఉన్న ఒక్క కోటూ ఆచారం కొద్దీ అమ్మ సమాధి దగ్గర చింపుకున్నాను. తల్లికోసం చింపింది మళ్లీ కుట్టించుకోకూడదాయె. మంచులో ఏం తొడుక్కోను?"

"వేరేవాడెవడైనా రెండురోజులు తొడుక్కుని ఇస్తే కొత్తదనం పోయేది. ఆ మాత్రం తెలియదురా, గాడిదా?"

"బావచేత తొడిగిద్దామని నీ ఇంటికే తెచ్చాను. మూడుసార్లు తట్టాను. ఏడుస్తూ కూర్చున్నావు, తలుపు తియ్యలేదు."

ఆ మాట నిజం. నిజమైనందుకే ఆమె కోపం కట్టలు తెంచుకుంది. చెయ్యెత్తి చెంపమీద కొట్టింది. చెయ్యి అతని ముఖంలోంచి సాగిపోయి, గుమ్మపు చెక్కకు తగిలింది.

గెయూలా అతని ముఖంలోకి చూసింది. తిట్టడానికైనా ఇక వీడు మిగలడు. పళ్లు బిగించి, శపిస్తున్నట్టుగా, "మమ్ము బ్రతికించి, నిలిపి..." అని ఒక్కొక్క మాటనే అతని మీదికి విసిరింది. అందులో సంతోషమెంతో, ఆగ్రహమెంతో ఆమెకే తెలియదు. "ఈ వేళకు చేర్చినవాడా" అనేసరికి దుప్పటి కనిపించడం మానింది.

ఆమె మళ్లీ కొట్టింది. ఆ చప్పుడుకు వీధి పావురాలు లేచిపోయాయి.

"ఇంకోటి కొట్టు" అన్నాడు, చెంప తడుముకుంటూ.

"ముందు కూర్చుని తిను. తిన్నాక కొడతాను."

ఈ కథ విన్నవారి తోడబుట్టినవారు, కోపగించినప్పుడు చేతికి తగిలేంత గట్టిగా, చిరకాలం ఉందురు గాక.