రెక్కలు దాచినవాడు

ఆదివారం టీవీ ముందు చేరేవాళ్లందరికీ టీ పెట్టేది నేనే. అందుకే మా ఇంట్లో టీవీ ఉన్నా నేను చూసిందానికన్నా వంటింట్లోంచి విన్నదే ఎక్కువ. హిందీ నాకు రాదు. పక్కింటి సర్దార్‌బీ అక్క ఒక్కో మాటా తెలుగులో చెప్తుంటుంది. మా అత్త జీవమ్మ దానికి తన తీర్పు కలుపుతుంటుంది.

ఆ వారం ఒక దేవకన్య కథ. ఏట్లో స్నానానికి దిగితే ఒక గొర్రెలకాపరి ఆమె రెక్కలు దాచేశాడు. ఎగరలేక అతన్నే పెళ్లి చేసుకుంది, రొట్టెలు కాల్చింది, బిడ్డను కన్నది. ఒకరోజు జొన్నలు తీయబోతే కుండ అడుగున రెక్కలు దొరికాయి. వాటిని పైకి లాగుతుండగా కరెంటు పోయింది.

బిడ్డను చంకనేసుకుని గడపలోనే నిలబడిపోయాను. ఈరోజుతో నా కాన్పు సెలవు అయిపోతుంది. రేపు శిరివెళ్ల బడిలో చేరకపోతే టీచరు ఉద్యోగం పోయినట్టే. బిడ్డ ఏడ్చినా, కూరలో ఉప్పు ఎక్కువైనా నా భర్త రాజరత్నానిది ఒకటే మాట. ఇంట్లో నీకేం తక్కువ, రాజీనామా రాసిచ్చెయ్. నిన్న విసిగి ఊ అన్నాను. అప్పట్నుంచి చేతులు ఒకచోట నిలవడం లేదు. తోమిన గిన్నెలే మళ్లీ తోముతున్నాను.

దేవకన్య బిడ్డ మొకం చూసి రెక్కలు ఆడనే పెట్టేస్తుందని అత్త తేల్చేసింది. టీవీ ముందు కూర్చున్న మా ఆయన నవ్వాడు.

"యాడికి పోతాది? తిండి పెట్టె, నీడ ఇచ్చె. ఇంకేం కావల్ల ఆయమ్మకు?"

ఆమెకేం కావాలో అందరూ చెప్పేస్తున్నారు. ఆ కాపరికేం కావాలో ఒక్కరూ అడగలేదు.

"వాడు రెక్కలు ఎందుకు దాచినాడక్కా?" అన్నాను.

"ప్రేమతో," అని ఆయనే జవాబిచ్చాడు.

సర్దార్‌బీ అక్క టీ ఊదుకుంటూ తల అడ్డంగా ఊపింది. "ఆ మాట వాడు అనల్యాదప్పా. ఇవి ఉంటే ఈడ నిలవదు అన్న్యాడు. అంతే."



"పోతే బిడ్డ గతేంది మరి?" అన్నాడు ఆయన, నావైపే చూస్తూ.

చంకలోని పిల్లవాణ్ణి దించి ఆయన ఒళ్లో కూర్చోబెట్టాను. అరువు తెచ్చిన గిన్నెను పట్టుకున్నట్టు వాణ్ణి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"బిడ్డకు నాయన ఉండాడు గదా. పొద్దున్నే నేను శిరివెళ్ల బస్సుకు పోతాండా."