రెండో భాగం కష్టంగా వస్తే

పిల్లల వార్డులో అందరూ ఆమెను సిస్టరమ్మ అనేవారు. కొత్తగా చేరిన నర్సులు మొదటిసారి పసిపిల్లల చేతిలో నరం వెతకాల్సి వచ్చినప్పుడు, ఆమె పక్కన నిలబడి వాళ్ల మణికట్టు కింద తన వేలు ఆనించేది. వణుకు తగ్గేదాకా ఆ వేలు తీసేది కాదు. అలా నేర్పి నేర్పి, నలభై ఎనిమిదో ఏట ఆమెకు ఒక కోరిక పుట్టింది. నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెప్పాలి. అందుకు పై చదువు కావాలి. పై చదువుకు ప్రవేశ పరీక్ష గట్టెక్కాలి. ఏ పై చదువుకైనా అదే పరీక్ష, కంప్యూటర్ మీద రాసేది.

పేరు నమోదు చేసుకున్నాక గానీ ఇంట్లో చెప్పలేదు. లిఫ్టులు బాగుచేసే భర్త విని, "మంచిది. ఇన్నాళ్లూ నేను మనుషుల్ని పైకి పంపిస్తున్నాను. ఇప్పుడు మన ఇంట్లోంచే ఒకరు వెళ్తున్నారు," అన్నాడు. కూతురు మాత్రం లేచి తన గదిలోకి వెళ్లిపోయింది. చిన్నప్పుడు పిడికెడంత ఉండేదని ఆ అమ్మాయిని అందరూ పిచ్చుక అనేవారు. టిక్కెట్లు బుక్ చేసే ఆఫీసులో పనిచేస్తోంది. రెండేళ్ల కింద పిచ్చుక కూడా ఇదే పరీక్ష రాసింది. మార్కులు రాలేదు. "చదువు నాకు అచ్చిరాదు," అని ఊరుకుంది. మానుతున్న పుండును గిల్లినట్టవుతుందని ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తలేదు.

ఆదివారం పొద్దున తల్లి వచ్చి కూతురి మంచం మీద కూర్చుంది.

"నాకు లెక్కలు తర్వాత నేర్పుదువుగానీ, ముందు ఆ పరీక్ష ఎలా ఉంటుందో చెప్పవే. కొత్త వార్డులో డ్యూటీ వేస్తే మందుల బీరువా ఎక్కడుంది, గంట ఎక్కడుంది అని చూసుకుంటాం కదా. అలా."

పిచ్చుక దుప్పటి మడతపెడుతూ చెప్పింది. మొదట ఒక వ్యాసం టైపు చెయ్యాలి. తర్వాత మాటల ప్రశ్నలు, అంటే ఇంగ్లీషు పదాల మీద, వాక్యాల మీద అడిగేవి. ఆ తర్వాత లెక్కలు. వాటిలో ఒక్కోటీ రెండేసి భాగాలు. ఒక భాగంలో ఉన్నంతసేపూ ప్రశ్న దాటేసి మళ్లీ వెనక్కి రావచ్చు. ఆ భాగం మూసుకుపోయిందంటే మాత్రం ఇక రాలేం. తప్పు రాసినా మార్కు కొయ్యరు.

"అయితే తెలియకపోయినా ఏదో ఒకటి పెట్టెయ్యాలా?"

"ఖాళీగా మాత్రం వదలకూడదమ్మా."

వినడానికి బాగానే ఉంది గానీ, సాధనకు కూర్చుంటే తెలిసింది. సిస్టరమ్మకు చేతిలో పని సగంలో వదలడం పుట్టుకతోనే రాదు. ఒక నీటి తొట్టి లెక్క దగ్గర ఆగిందంటే అక్కడే బైఠాయించేది. గడియారం పరుగెత్తిపోయేది. చివరి ప్రశ్నలు కన్నెత్తి చూడకుండానే సమయం అయిపోయేది.

"గుర్తు పెట్టి ముందుకెళ్లమ్మా. ఆ బటన్ అందుకే ఉంది."

"ఇంకాస్త. వచ్చేస్తుంది."

"నీ వార్డులో ఒక్క మంచం దగ్గరే కూర్చుంటావా? అందర్నీ చూడవూ?"

"పిల్లలు వేరు, తొట్లు వేరు," అంది తల్లి, తెర మీంచి కళ్లు తిప్పకుండా. "పిల్లలు ఏడుస్తారు. అప్పుడు లేస్తాను. ఈ తొట్టి నోరెత్తదే."

పిచ్చుకకు కోపం రాబోయి నవ్వొచ్చింది. ఆ రోజు నుంచి పక్కనే కూర్చుని, తల్లి ఎక్కడైనా పాతుకుపోతే సన్నగా ఏడుపు రాగం తీసేది. సిస్టరమ్మ చెయ్యి దానంతటదే తర్వాతి ప్రశ్న మీదికి పోయేది. తండ్రి కాపలా అధికారి వేషం వేసేవాడు. గది గుమ్మంలో ఆపి, జేబులు తిరగేయించి, చేతి గడియారం తీయించి లోపలికి పంపేవాడు. ఒకసారి ఆమె జేబులోంచి థర్మామీటర్ బయటపడితే, "జ్వరం చూసి మార్కులేస్తారనుకున్నావా?" అన్నాడు.

ఒక సాయంత్రం పిచ్చుక పరీక్ష నిర్వాహకుల సూచనలు పైకి చదివి వినిపిస్తోంది. లెక్కల పుస్తకాలు గుట్టలకొద్దీ చేసింది గానీ, తన పరీక్షప్పుడు ఈ సూచనల పేజీలు తిరగెయ్యనేలేదు. అందులో ఇలా ఉంది: మొదటి భాగం ఎలా చేశారన్న దాన్ని బట్టి రెండో భాగం ఎంత కష్టంగా ఉండాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. బాగా చేసినవారికి కష్టమైనది వస్తుంది.

చదువుతున్న గొంతు ఆగిపోయింది.

తల్లి ఉల్లిపాయ తరుగుతున్న కత్తి పక్కన పెట్టింది. కాసేపు కూతురి ముఖంలోకి చూసింది.

"ఆ రోజు నీకు రెండోది కష్టంగా వచ్చిందా?"

పిచ్చుక తలూపింది.

"మొదటిది ఇట్టే అయిపోయిందమ్మా. రెండోది తెరిచేసరికి ఒక్కటీ కొరుకుడు పడలేదు. నాకేమీ రాదని తేలిపోయింది, అంతా అయిపోయింది అనుకున్నాను. కళ్లు మూసుకుని ఏది పడితే అది నొక్కి బయటికొచ్చేశాను."

"అంటే మొదటిది బాగా చేశావన్నమాట."

పిచ్చుక ఆ వాక్యం మళ్లీ ఒకసారి చదివింది. రెండేళ్లుగా తన గురించి తాను నమ్ముతూ వచ్చిన మాట ఒక్కసారిగా చేతిలోంచి జారిపోయినట్టుంది. దాని చోట ఏం పెట్టుకోవాలో తెలియలేదు. తల్లి దగ్గరికి వచ్చి, ఉల్లి వాసన చేతులు తగలకుండా మోచేతులతోనే కూతుర్ని పొదువుకుంది.

"ఎవరైనా చెప్తే బావుండేది," అంది పిచ్చుక ఆ భుజంలో ముఖం దాచుకుని.

"బావుండేది," అంది తల్లి. మళ్లీ రాయమని మాత్రం అనలేదు. నోటి దాకా వచ్చింది, మింగేసింది.

పరీక్ష రోజు పిచ్చుక ఆఫీసుకు సెలవు పెట్టి తోడు వెళ్లింది. లోపల సిస్టరమ్మ చుట్టూ కూతురి ఈడు పిల్లలే. వ్యాసం కుదురుగా వచ్చింది. మాటల్లో రెండో భాగం సులువుగా కనిపించేసరికి "అయ్యో" అనుకుంది. అయినా చేతనైనంత చేసింది. లెక్కల్లో ఒక త్రిభుజం దగ్గర చెయ్యి ఆగింది. పాపం అనుకుంటూనే గుర్తు పెట్టి వదిలింది. చివర్లో వెనక్కి వస్తే అది చక్కగా తేలింది.

రెండో లెక్కల భాగం తెరుచుకుంది. మొదటి ప్రశ్న రెండుసార్లు చదివింది. అర్థం కాలేదు. రెండో ప్రశ్న ఇంకా ఘోరం. అంతలోనే ఆమె పెదవుల మీద నవ్వు పాకింది. కాపలాగా ఉన్నామె అనుమానంగా ఒకసారి అటు తొంగిచూసి వెళ్లింది. సిస్టరమ్మ నిమ్మళంగా వచ్చినవి చేసింది, రానివి ఊహించి పెట్టింది, ఖాళీ ఒక్కటీ వదల్లేదు.

బయట బెంచీ మీద పిచ్చుక గోళ్లు కొరుక్కుంటోంది. తల్లి రావడం చూసి లేచి నిలబడింది.

"తెర మీద మార్కులు చూపించారు," అంది సిస్టరమ్మ. "పెద్ద కాలేజీకి చాలవు. మన ఆస్పత్రి పక్క కాలేజీకి సరిపోతాయి. నాకదే కావాలి."

పిచ్చుక ఆమె చేతి సంచీ తీసుకుంది, మళ్లీ ఇచ్చేసింది, ఏం చెయ్యాలో తెలియక తల్లి చీర కుచ్చెళ్లు సర్దింది.

"లెక్కల్లో రెండోది..."

"ఎంత కష్టంగా ఉందో చెప్పలేను," అంది తల్లి మురిసిపోతూ.

ఇద్దరూ మెట్లు దిగుతున్నారు. సగం దిగాక పిచ్చుక ఆగింది. తన కొంగు కొస వేలికి చుట్టుకుంటూ, తల్లి వైపు చూడకుండా అంది.

"నువ్వు లోపలుండగా ఇక్కడి కౌంటర్లో ఆమెను అడిగాను. వచ్చే నెల పరీక్షకు ఇంకా ఖాళీలున్నాయట."

సిస్టరమ్మకు ఒక్కసారిగా చాలా మాటలు చెప్పాలనిపించింది. కూతురి వేళ్లలోకి తన వేళ్లు పోనిచ్చి, "పద, కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి," అంది. "ముందు ఏమైనా తిందాం."