గబ్బిలమైన గొడుగు

నేను ఒక గొడుగును. ఎనిమిది ఊచలు, నల్లగుడ్డ, వంకీ తిరిగిన బెత్తపు పిడి. ప్రస్తుతం నన్ను గబ్బిలం అంటున్నారు. అనేవాళ్లు చదువుకున్నవాళ్లు కాబట్టి నేను నోరెత్తలేదు. బడిలో నేనూ పన్నెండేళ్లు ఉన్నాను గానీ, ఉన్నది తలుపు మూల. ఆ మూల దాకా చదువు రాదు. ఊడ్చిన దుమ్ము మాత్రం వస్తుంది.

పుట్టింది కలకత్తాలో, ఒక ఇరుకు సందులో. బెత్తాన్ని ఆవిరికి పట్టి, మెత్తబడ్డాక మోకాలికి ఆనించి వంచేవాడు ఒక ముసలాయన. వంచి, తాడేసి బిగించి, ఇక జన్మలో తిన్నగా కావు పో అన్నట్టు పక్కకి విసిరేవాడు. మనుషుల పిల్లల్ని కూడా ఇలాగే తయారుచేస్తారని అప్పటికి నాకు తెలీదు. ఆ తర్వాత రైలెక్కి పలాసలో దిగాను. అక్కడ నన్ను కొన్నవాడు కూర్మయ్య మాస్టారు.

వాన పడితే ఆయన బడికి రాడు. ఎండ కాస్తే నన్ను విప్పడు, గుడ్డ వెలిసిపోతుందని. మరి కొన్నదెందుకయ్యా అంటే, పిల్లల మెడల కోసం. కుర్చీలోంచి లేవకుండా రెండో వరస దాకా అందేవాణ్ణి నేను. పిడి మెడకి తగిలించి లాగితే పిల్లవాడు ఎక్కడున్నా చెంపకి అందేంత దగ్గరికి వచ్చి పడేవాడు. ఆయన పాఠం ఎవరికీ గుర్తు లేదు. నా వంకీ మాత్రం ఆ ఊళ్లో చాలామందికి గుర్తు.

ఐదో తరగతిలో సన్యాసి అని ఒక గుంటడు ఉండేవాడు. పెద్ద తెలివైనవాడని చెప్పను, మొద్దు అనీ చెప్పను. జీడిమామిడి కాపు రోజుల్లో తెల్లారకుండా లేచి గింజలు ఏరుకొచ్చేవాడు. జీడి అంటిన చెయ్యి నల్లబడుతుంది, కడిగితే పోదు, తోలు ఊడి కొత్త తోలు రావాలి. అది వచ్చేలోగా మళ్లీ గింజలు. ఓ రోజు వాడి లెక్కల పుస్తకం నిండా నల్లటి వేలిముద్రలు చూసి మాస్టారికి అసహ్యం పుట్టింది. నన్ను వెనకనుంచి వాడి మెడకి తగిలించి, గడప దాకా నడిపించి, బయట వదిలాడు.

"చేతులు తెల్లబడ్డాక రా."

పిల్లలందరూ నవ్వారు. సన్యాసి మళ్లీ రాలేదు. ఎంత వెర్రివాడో చూడండి. మర్నాడు చేతులు వెనక్కి పెట్టుకుని వచ్చి కూర్చుంటే ఆ మాస్టారికి వాడి పేరు కూడా గుర్తుండేది కాదు. ఎవడో గాడిద నోరుజారిన ఒక్క మాటని శిలాశాసనంలా పట్టుకుని వీడు బతుకు బతుకంతా బడి బయట గడిపాడు. మనుషుల పౌరుషం ఎప్పుడూ ఇంతే. తమకి నష్టం వచ్చే చోటే పొడుచుకొస్తుంది.

చాలా ఏళ్లకి, పింఛను తీసుకుంటున్న మాస్టారు ఒక జీడిపప్పు ఫ్యాక్టరీకి పప్పుబద్దలు కొనడానికి వచ్చాడు. వచ్చేటప్పుడు చినుకులు పడ్డాయి, వెళ్లేటప్పుడు ఆగాయి. చినుకులు ఆగగానే గొడుగుని మరిచిపోవడం మనిషి జాతి లక్షణం. నన్ను తలుపు పక్కన వదిలి వెళ్లిపోయాడు. గింజలు కాల్చే పొయ్యి దగ్గరనుంచి వచ్చిన ఒక నల్లచేతుల మనిషి నా ముందు నిలబడి, నా వంకీని చూసి, చెయ్యెత్తి తన మెడ వెనక తడుముకున్నాడు. అప్పుడు గుర్తుపట్టాను. సన్యాసిరావు.

మర్నాడు మాస్టారు మనిషిని పంపితే, "నాను సూడనేదు" అన్నాడు. అతను ఆడగా నేను విన్న అబద్ధం అదొక్కటే.

పట్టుకొచ్చాడు సరే, వాడుకోవచ్చుగా? నన్ను ఇంట్లో మేకుకి తగిలించి పద్దెనిమిదేళ్లు ఉంచాడు, ఒక్కసారి విప్పలేదు. కుండపోత వానలో గోనెసంచి నెత్తిన కప్పుకుని వచ్చేవాడు. ఇంట్లో గొడుగు పెట్టుకుని గోనె కప్పుకునే మగవాణ్ణి కట్టుకున్నానని భార్య సంతోషి వీధివీధంతా చెప్పుకుంది. అతను ఎందుకో చెప్పలేదు. నాకు తెలుసు, నన్నెవరూ అడగలేదు.

పెళ్లయిన పన్నెండేళ్లకి వాళ్లకి ఒక పిల్ల పుట్టింది. లాస్య. పిల్లకి నాలుగేళ్లు రాగానే ఊళ్లో కొత్తగా పెట్టిన ఇంగ్లీషు బడిలో చేర్చాలని తల్లీతండ్రీ ఇద్దరికీ ఒకటే పిచ్చి. ఆ బడికి ఒక ఆచారం ఉంది. సీటు ఇవ్వడానికి ముందు ఒక కాగితం ఇస్తారు. వారం రోజులపాటు పిల్లచేత ఇంట్లో ఆటలు ఆడిస్తూ నేర్పించాలి, రోజూ ఫోనులో వీడియో తీసి పంపాలి, శనివారం తల్లీతండ్రీ పిల్లతో సహా వచ్చి మేడం ముందు కూర్చోవాలి. ఒక్కో పిల్లకి ఒక్కో జంతువు. ఒకళ్లకి కుందేలు, ఒకళ్లకి నెమలి. వీళ్ల వాటాకి గబ్బిలం వచ్చింది.

"ఓలమ్మో!" అంది సన్యాసిరావు తల్లి నూకరత్నం. "గబ్బిలం ఇంట్లోకొస్తే ఇల్లు పాడెట్టీయాలంతారు. నువ్వు సేతులారా తయారుసేత్తన్నావేటే కోడలా?"

"అది కాగితం గబ్బిలం అత్తా."

"కాగితందైనా రెక్కలున్నాయి కదేటి?"

చివరికి రాజీ కుదిరింది. గబ్బిలాలు ఇంట్లోకి రాకూడదు, అరుగు మీదే ఉండాలి. గుమ్మానికి ముసలమ్మ నిమ్మకాయా మిరపకాయలూ కట్టింది. ఆ విధంగా ఇంటి చదువు వీధిన పడింది. పిల్ల నేర్చుకోవాల్సినదాన్ని వీధిలో ఆడవాళ్లంతా వచ్చి నేర్చుకున్నారు.

సోమవారం నల్ల చార్టు కత్తిరించి గబ్బిలం చెయ్యాలి. సంతోషి చేసింది. పిల్ల కత్తెర అడిగితే, "ఆగమ్మా, పాడుసేసీగలవు" అంది. మంగళవారం బట్టల క్లిప్పులకి రెక్కలంటించి దండేనికి పది గబ్బిలాలు వేలాడదీసి లెక్కపెట్టాలి. సంతోషి వేలాడదీసింది, సంతోషే లెక్కపెట్టింది, ఆఖర్న పిల్ల వేలు పట్టుకుని పదోదాని మీద పెట్టి వీడియో తీసింది. బుధవారం అట్టపెట్టెతో గుహ. అందులోకి పిల్ల దూరబోతే, "నలిగిపోద్ది, దిగు!" అని రెక్క పట్టి లాగింది. ఆ వారంలో గబ్బిలాల గురించి సంతోషికి వచ్చినంత చదువు ఆ ఊళ్లో ఎవరికీ రాలేదు. సీటు ఆవిడకి ఇచ్చేస్తే సరిపోయేది.

గురువారం పెద్ద గబ్బిలం చెయ్యాలి. సంతోషి ఇల్లంతా వెతుకుతుంటే పిల్ల అరుగు మీదనుంచి లోపలికి తొంగి చూసి నావైపు వేలు చూపించింది.

"అమ్మా, అదుగో గబ్బిలం. తలకిందులుగా బజ్జుంది."

ఇన్నేళ్లూ నేను వంకీతో మేకు పట్టుకుని, మొన కిందికి పెట్టి, రెక్కలు ముడుచుకుని వేలాడాను. మాస్టారికి తట్టలేదు, కలకత్తా వాడికి తట్టలేదు. ఈ వేలెడంత పిల్లకి తట్టింది. అదృష్టవశాత్తూ ఆ క్షణంలో తల్లి వీడియో తియ్యడం లేదు.

"మావా, ఈ గొడుగు కోసీనా? నువ్వెలాగూ ఏసుకోవు."

సన్యాసిరావు చెయ్యి మెడ వెనక్కి పోయింది. "కోసీ" అన్నాడు చివరికి. తనే వచ్చి నన్ను కదలకుండా పట్టుకున్నాడు. సంతోషి రెండు పక్కల గుడ్డ కోసి రెక్కలు తీర్చింది, మొనకి అట్ట చెవులంటించింది. వాన ఇక నా జోలికి రాదు. నా బతుకులో వాన ఎప్పుడొచ్చింది గనక.

శుక్రవారం సంతోషి ఫ్యాక్టరీకి పప్పు ఒలవడానికి పోయింది. పొయ్యి పని ముగించుకుని మధ్యాహ్నమే వచ్చిన సన్యాసిరావు దగ్గరికి పిల్ల నన్ను ఈడ్చుకుంటూ వెళ్లింది.

"నాన్నా, గబ్బిలం ఏటి తింతాది?"

కాగితంలో పురుగులు అని ఇంగ్లీషులో రాసి ఉంది. అది చదవడం అతనికి రాదు. అతనికి వచ్చింది అతను చెప్పాడు.

"జీడిపండు తింతాదమ్మా. తోటలో పండు కొరికి, ఎగిరెల్లి సింతసెట్టు మీద కూకుంతాది. పండు నమిలీసి గింజ కిందికి ఒగ్గీత్తాది. పొద్దున్నే ఎల్తే సెట్టుకింద గింజలే గింజలు. తోటలోకెల్తే కాపలావోడు కొడతాడు, సింతసెట్టు కిందికెల్తే ఎవుడూ కొట్టడు. నాను సిన్నప్పుడు అలాగే ఏరీవోణ్ణి."

"గబ్బిలం నీకు ఇచ్చీదా?"

"నాకే ఇచ్చీది."

పిల్ల ఒక జీడిపండు తెచ్చి నా మొనకి గుచ్చింది. రసం కారి అట్ట చెవులు నానిపోయాయి. రెండుసార్లు నన్ను విప్పి ముడిచింది. వారం మొత్తంలో ఆ పిల్ల తన చేత్తో చేసిన పని అదొక్కటే. దాని వీడియో లేదు.

శనివారం ముగ్గురూ బడికి వెళ్లారు. గేటు దాటాక సన్యాసిరావు మెట్లమీద కూలబడ్డాడు.

"నువ్వెల్లు. నానిక్కడే ఉంతాను."

"ఇద్దరూ రావాలన్నారు కద మావా!"

"పనికెల్లిపోనాడని సెప్పు." చేతులు రెండూ చంకల్లో దాచుకున్నాడు. నలభై మూడేళ్ల మగాడు, పొయ్యిమీద మండే జీడి దగ్గర బెదరనివాడు, రంగులేసిన చిన్నపిల్లల కుర్చీలు చూసి బెదిరాడు. నాకు నవ్వొచ్చింది.

లోపల మేడం పిల్లని దగ్గరికి పిలిచింది. గబ్బిలం రంగు అడిగింది, పిల్ల చెప్పింది. ఎలా నిద్రపోతుందని అడిగితే నన్ను బల్ల అంచుకి తగిలించి చూపించింది. మేడం నవ్వింది. "వెరీ గుడ్. గబ్బిలం ఏం తింటుందమ్మా?"

"జీడిపండు."

సంతోషి బల్లకింద గిల్లింది. "పురుగులనమ్మా, పురుగులు."

"జీడిపండు!"

"మళ్లీ ఆలోచించుకుని చెప్పు" అంది మేడం.

"జీడిపండే."

మేడం కలం మూత పెట్టింది. "షీట్‌లో స్పష్టంగా ఉందమ్మా. ఇంట్లో మీరే చేసేసి వీడియోలు పంపితే ఇలాగే ఉంటుంది. ఫాదర్ కూడా రాలేదు. వచ్చే సంవత్సరం చూద్దాం."

సంతోషి ముఖం చూడవలసింది. పది క్లిప్పులు, ఒక గుహ, ఇన్ని వీడియోలు, అన్నీ ఒక్క జీడిపండుకి కొట్టుకుపోయాయి. పిల్ల మాత్రం బల్ల అంచునుంచి నన్ను లాక్కుని, "మా నాన్నకి తెలుసు" అని బయటికి పరుగెత్తింది.

సన్యాసిరావు మెట్లమీద మనకి వీపు పెట్టి కూర్చున్నాడు. పిల్ల ఎత్తుకి అతని మెడ సరిగ్గా సరిపోయింది. నా వంకీ తగిలించి లాగింది.

అతను కొయ్యబారిపోయాడు. ఆ మెడ నాకు తెలుసు. ముప్పై ఏళ్లు దాటినా చర్మం అక్కడే, ఆ చోటే ముడుచుకుంది. ఇప్పుడు లేచి పారిపోతాడు అనుకున్నాను. అలవాటైన దారేగా.

"రా నాన్నా! మేడంకి తెలీదంట. సెప్పుదువు రా!"

అతను మెల్లిగా తల తిప్పి చూశాడు. లేచాడు. తిన్నగా నిలబడితే నేను జారిపోతాను, పిల్ల చేతికి అందను. అతను తిన్నగా నిలబడలేదు. నడుం సగానికి వంచుకుని, నన్ను మెడలో ఉంచుకునే, పిల్ల లాగిన వైపు నడిచాడు. గడప దాటాడు. ఈ మెడని బయటికి లాగడమే తెలిసిన నాకు లోపలికి లాగడం కొత్త.

మేడం లేచి నిలబడింది. సన్యాసిరావు మెడలోంచి నన్ను తీసి, ఎక్కడ పెట్టాలో తెలీక పట్టుకునే మాట్లాడాడు. ముందు చింతచెట్టు వచ్చింది, తర్వాత గింజలు వచ్చాయి. చెబుతూ చెబుతూ నన్ను చంకలో ఇరికించేశాడు, రెండు నల్లచేతులూ గాల్లోకి లేచి పండు ఎంతుంటుందో, రెక్క ఎంతుంటుందో చూపించాయి.

"సిన్న గబ్బిలాలు దోమల్నీ పురుగుల్నీ తింతాయి మేడంగారు. మీ కాగితం తప్పని అన్ను. పెద్దవి పళ్లే తింతాయి. మా గుంట సూసింది పెద్దదాన్నే."

మేడం ఆ చేతుల్ని చూసింది. కాగితం చూసింది. "ఇది షీట్‌లో లేదండీ" అంది, లేనిది తెలుసుకోవడం కూడా తన పనే అన్న సంగతి ఇప్పుడే తట్టినట్టు. కలం మూత తీసి పక్కన ఏదో రాసుకుంది. సీటు ఇచ్చింది. సంతోషి అక్కడికక్కడే ఏడ్చి, "నాను ముందే సెప్పినాను మేడం, పళ్లు కూడా తింతాయని" అంది. చూశారుగా మనుషుల్ని!

నన్ను ఆ బడిలోనే ఉంచేశారు. ఎల్కేజీ గది గుమ్మం మీద మేకుకి తగిలించి, కింద చీటీ అంటించారు. గబ్బిలం, తయారుచేసినది లాస్య అని రాశారట, ఆయా చదువుతుంటే విన్నాను. అబద్ధం. చదువులమ్మ గుమ్మానికే అబద్ధం.

వంకీ మేకుకి చిక్కుకుని ఉంది కాబట్టి నేనిప్పుడు ఎవరి మెడకీ అందను. సన్యాసిరావు రోజూ పొద్దున్న పిల్లని తీసుకొస్తాడు. మనిషి పొట్టి, గుమ్మం ఎత్తు, నేను ఇంకా ఎత్తు. అయినా నా కిందకి రాగానే తల వంచుతాడు వెర్రివాడు. వంచి, పిల్ల సంచీ భుజాన వేసుకుని, ఆ నల్లచేత్తో దాని చెయ్యి పట్టుకుని, లోపలికే వస్తాడు.