నరసరాజు బుడగలు

2023 ఆగస్టు పదమూడు, ఆదివారం. రామచంద్రాపురంలో బావమరిది మధుబాబు ఇంట్లో రొయ్యల ఇగురు, ముద్దపప్పు, ఆవకాయ. నరసరాజుకు ఆ తేదీ గుర్తుండిపోయింది. రెండోసారి ఇగురు వడ్డించుకుంటూ మనసులో మాట బయటపెట్టింది ఆ రోజే.

“వచ్చే జనవరిలో అండమాన్ వెళ్తున్నాను. వీపుకి గాలి సిలిండరు కట్టుకుని సముద్రం అడుక్కి దిగుతాను.”

మధుబాబు చేతిలో ముద్ద అలాగే ఆగింది. “సముద్రంలోవి మన కంచంలోకి రావాలి గానీ బావా, మనం వాటి దగ్గరికి పోవడమేంటి?”

“ఇవి సముద్రంలోవి కావురా. భీమవరం చెరువులోవి.”

అందరూ నవ్వారు, కూతురు రమ్యశ్రీ తప్ప. తల్లి పద్మావతి పోయినప్పటి నుంచి ఆ అమ్మాయి పటాన్‌చెరులో తండ్రి దగ్గరే ఉంటూ సంగారెడ్డి కాలేజీలో పాఠాలు చెబుతోంది.

“యాభై ఏడేళ్లకి ఇదేం సరదా నాన్నా?” అంది. గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువ.

నరసరాజు నెమ్మదస్తుడు. ఇంట్లో గానీ, జిన్నారం దగ్గర తను పనిచేసే మందుల ఫ్యాక్టరీలో గానీ గొంతు పెంచి ఎరగడు. ఆ రోజూ పెంచలేదు.

“ముప్పై ఏళ్లు ముఖానికి మాస్కు, వీపుకి గాలి తగిలించుకుని రియాక్టర్లు కడగడానికి లోపలికి దిగానమ్మా. అడుగున కనిపించేది నల్లటి మడ్డి. ఒక్కసారి అదే గాలి మోసుకుని చూడదగ్గ చోటికి దిగుతాను. అడగడం లేదు, చెబుతున్నాను.”

ఈ పిచ్చి అంటించింది బాయిలరు దగ్గర పనిచేసే గులాం మొహమ్మద్. టీ తాగేటప్పుడు ఫోన్లో వీడియోలు చూపించేవాడు. ఎర్ర సముద్రం ఒడ్డున దహబ్ అనే ఊరు. ఒడ్డు దిగి కాస్త ఈదితే చాలు, పగడాల గోడ. మాల్దీవుల్లో, నీళ్లలో దుప్పట్లు ఆరేసినట్టు రెక్కలు ఆడిస్తూ పోయే మాంటా చేపలు. పసిఫిక్ మహాసముద్రంలోని పలావు దీవుల్లో జెల్లీ చేపలతో నిండిన సరస్సు. మధ్యలోంచి ఈదుకుంటూ పోయినా కుట్టవట. ఇండోనేషియా చివర రాజా అంపట్. అక్కడున్నన్ని రంగులు బట్టల దుకాణంలో కూడా ఉండవు.

“నాకు ఈత రాదు భాయ్. నువ్వు సూసిరా, నేను కూసొని ఇంట,” అనేవాడు గులాం.

డిసెంబరులో బీరంగూడలో ఒక ఈతకొలను దగ్గర శిక్షణ మొదలైంది. నేర్పేది నిషిత, సంగారెడ్డి పిల్ల. ఏటా చలికాలం కొందరిని అండమాన్ తీసుకెళ్లి నీళ్లలోకి దించుతుంది. మొదటి రోజే గట్టిగా చెప్పింది.

“నీళ్లల్ల ఊపిరి ఆపొద్దు అంకుల్. కింద పీల్చిన గాలి పైకొస్తుంటే ఉబ్బుతది. బిగబడితే లోపల ఊపిరితిత్తులు చిరుగుతయ్. నోట్లకెళ్లి గొట్టం తీసినా సరే, మెల్లగ బుడగలు ఇడుస్తనే ఉండాలె.”

వినడానికి సులువుగానే ఉంది. కానీ నీళ్లలో గొట్టం తీయగానే నరసరాజు పెదాలు బిగుసుకుపోయాయి. ఒక్క బుడగ లేదు. రెండో ఆదివారమూ అదే తంతు.

“ఇంకొక్క ఛాన్స్ అంకుల్. వచ్చే ఆదివారం బుడగలు రాకుంటే మిమ్మల్ని తీస్కపోను. కోపంతోని కాదు,” అంది నిషిత. అంటూనే, చలికి వణుకుతున్న ఆయన భుజాల మీద తన పొడి తువ్వాలు కప్పింది.

సంగతి తెలిసి మధుబాబు ఫోన్ చేశాడు. “నీళ్లే వద్దన్నాయి కదా బావా. ఇంకెవరు చెప్పాలి?”

ఎందుకిలా అవుతోందో మర్నాడు ఫ్యాక్టరీ బస్సులో తెలిసింది. దారిలో ఒక నాలా ఉంది. ఫ్యాక్టరీల మురికినీళ్లన్నీ కలిసే ఆ నాలా మీది వంతెన రాగానే కంపుకి బస్సంతా మూగబోతుంది. సగం మాటలో ఉన్నవాళ్లు అక్కడే ఆగి, ఊపిరి బిగబట్టి, వంతెన దాటాక మిగతా సగం చెబుతారు. కొత్తగా చేరిన బీహారు కుర్రాళ్లకు కూడా ఎవరూ నేర్పకుండానే వస్తుంది.

“నిన్న మా కోడలు బగారా అన్నం...” అని ఆగాడు గులాం. వంతెన దాటింది. “...వండింది గానీ, ఉప్పే ఎయ్యలే.”

నరసరాజు తన ఛాతీ మీద చెయ్యి పెట్టి చూసుకున్నాడు. రాయిలా ఉంది. ఊపిరి ఆపమని తను చెప్పలేదు. ముప్పై ఏళ్లుగా అదే ఆగిపోతోంది.

మర్నాడు వంతెన రాగానే బస్సు మూగబోయింది. నరసరాజు మాత్రం గొంతెత్తాడు.

“దహబ్! మాల్దీవులు! పలావు! రాజా అంపట్!”

బస్సంతా వెనక్కి తిరిగింది. కంపు గొంతులోకి దిగి ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. దగ్గుతూనే మళ్లీ మొదటినుంచి అందుకున్నాడు.

వంతెన దాటాక గులాం, “పాగల్ అయినవా భాయ్? ఏంది గీ లొల్లి?” అన్నాడు.

“ఎవడో వదిలిన కంపు గులాం. సిగ్గుపడాల్సింది వాడు. నేనెందుకు నోరు మూసుకోవాలి?”

ఆ వారమంతా అంతే. డ్రైవరు మొదట విసుక్కున్నాడు, తర్వాత వంతెన దగ్గర కాస్త వేగం పెంచి సాయపడ్డాడు. శనివారానికి వెనక సీట్లోంచి బీహారు కుర్రాళ్లు “మాల్దీవ్!” అని జవాబిచ్చారు. గులాం కూడా అరిచి, దగ్గి, ఫ్యాక్టరీ యజమానిని ఉర్దూలో నాలుగు తిట్టాడు.

ఆదివారం రమ్యశ్రీ కూడా కొలను దగ్గరకు వచ్చింది. తండ్రి ఈసారీ ఓడిపోవాలనే ఆమె కోరిక. అది దాచుకోలేదు కూడా. “రాకపోతే ఇంటికొచ్చేద్దాం నాన్నా,” అంది.

నీళ్లలో నరసరాజు గొట్టం తీశాడు. ఛాతీ వెంటనే బిగుసుకుంది. నిషిత కళ్లు ఆయన పెదాల మీదే ఉన్నాయి. ఆయన లోపల్లోపలే “దహబ్” అనబోయాడు. ఒక బుడగ పైకి లేచింది. “మాల్దీవులు.” ఇంకో రెండు. ఆ తర్వాత పేర్లు అక్కర్లేకపోయింది. బుడగలు దండలా వస్తూనే ఉన్నాయి. నిషిత బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టింది. నీళ్లలో అంతా బాగుందని చెప్పే గుర్తు అది.

గట్టు మీద రమ్యశ్రీ తండ్రికి తువ్వాలు అందించింది. తర్వాత నిషితను ప్రశ్నలతో ముంచెత్తింది. ఎంత లోతు? పక్కన ఎవరుంటారు? గాలి అయిపోతే?

“నేనే పక్కనుంట అక్కా. నా సిలిండర్‌ల గాలి ఇద్దరికి సరిపోతది.”

జనవరిలో ప్రయాణానికి ముందు సాయంత్రం మధుబాబు వచ్చి హాల్లో కూర్చున్నాడు. లేచే సూచన లేదు.

“మా పద్మక్క ఉంటే ఒప్పుకునేదా బావా?”

“మీ అక్క ఉంటే ఇద్దరం దిగేవాళ్లం.”

“జరగరానిది జరిగితే?”

“ముప్పై ఏళ్లు రియాక్టర్లలోకి దిగాను మధూ. ఏ రోజైనా నువ్వా మాట అడిగావా? ఫ్యాక్టరీ వాళ్ల పనికి దిగితే ఎవరికీ భయం వెయ్యలేదు. నా సంతోషానికి దిగుతుంటే అందరికీ గుర్తొచ్చింది.” ఇప్పుడూ గొంతు పెంచలేదు. “వచ్చే ఏడు దహబ్. అదీ అడగడం లేదు.”

మధుబాబు మేనకోడలి వైపు చూశాడు. “నువ్వైనా చెప్పమ్మా.”

రమ్యశ్రీ టేబుల్ మీద ఉన్న మధుబాబు హెల్మెట్ తీసి ఆయన చేతికిచ్చింది. “నాన్న తెల్లవారకముందే లేవాలి మావయ్యా. మీకు చేపల గురించి ఏం అడగాలనుందో తిరిగొచ్చాక అడగండి.”

మధుబాబు గొణుక్కుంటూ గేటు దాటాడు. బండి చప్పుడు రోడ్డు మలుపులో కలిసిపోయేదాకా రమ్యశ్రీ గుమ్మంలోనే నిలబడింది. లోపల గదిలో తండ్రి అప్పటికే లైటు తీసేశాడు. ఆమె గడియ చప్పుడు కాకుండా వేలు అడ్డం పెట్టి, మెల్లగా వీధి తలుపు వేసింది.