పోలిక కోసం ఒక తల

మతిమరుపు జబ్బుతో వాళ్లమ్మ పోయాక, మా అమ్మాయి ఆ జబ్బు మీదే డాక్టరేట్ చేసింది. ఇప్పుడు ఆస్పత్రి పక్కనున్న ప్రయోగశాలలో మెదడు స్కాన్లు తీసి పరిశోధన చేస్తోంది. పోలిక కోసం జబ్బులేని పెద్దవాళ్లు కూడా కావాలట.

"నా తల ఖాళీగానే ఉందిగా, వాడుకో" అన్నాను.

"ఖాళీదైతే పనికిరాదు నాన్నా."

స్కాన్ గదిలో టెక్నీషియన్ నా ఉంగరం తీయమంది. అది మెటిక దగ్గర పట్టేస్తే లాగకుండా, సబ్బునీళ్లు తెచ్చి మెల్లగా జార్చింది. "బాబాయిగారూ, లోపల రేకుల మీద రాళ్లు పడ్డట్టు మోత. కదలకండి" అని దుప్పటి కప్పింది.

బయటికొచ్చేసరికి అద్దం అవతల మా అమ్మాయి తెర చూస్తూ పెదవి కొరుక్కుంటోంది. కాసేపటికి వచ్చి నా పక్కన కూర్చుంది.

"నాన్నా, రాత్రి ఏం తిన్నావు?"

"నువ్వు వండిందే. మర్చిపోదామన్నా కుదరలేదు."

నవ్వలేదు. "జ్ఞాపకాలు దాచుకునే భాగం నీ వయసుకి మరీ చిన్నగా ఉన్నట్టు లెక్క వస్తోంది. పరిశోధనలో తేలింది నేను చెప్పకూడదు. కానీ ఎలా చెప్పకుండా ఉండను?"

చివర్లో మా ఆవిడ నన్ను మర్యాదగా "ఎవరండీ మీరు?" అనేది. రేపు నేను ఈ పిల్లని అలాగే అడుగుతానా? తను నా చెయ్యి నొక్కి, మళ్లీ లోపలికి వెళ్లింది.

ఉన్నట్టుండి తలుపు తెరిచి పిలిచింది. "నాన్నా, నీ వయసు బదులు నాది పెట్టేశాను."

కొత్త పద్ధతి సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడడానికి, ముందు తనే ఆ యంత్రంలో పడుకుందట. ఆ వివరాలే నాకూ కాపీ చేసి, పేరు మార్చి, పుట్టిన సంవత్సరం మాత్రం తనదే ఉంచేసింది. కంప్యూటర్ నన్ను కుర్రవాళ్లతో పోల్చింది.

నన్ను లోపల కూర్చోబెట్టి, సరిచేసి లెక్క మళ్లీ పెట్టింది. ఇద్దరం తెర మీదికి వంగి చూశాం.

"నీ ఈడువాళ్లలో సగటుకి కాస్త కింద. ఫరవాలేదు" అని కళ్లు తుడుచుకుంది.

"కుర్రాళ్ల పక్కన నిలబెడితే నా మోకాళ్లూ అంతేనే" అన్నాను. ఈసారి నవ్వింది.

తెర మీద పక్కనే ఇంకో బొమ్మ తెరిచి ఉంది.

"అది నీదేనా?"

"ఊఁ."

"లెక్క చూసుకున్నావా?"

"లేదు. బొమ్మ స్పష్టంగా వచ్చిందో లేదో చూశానంతే." "నాకు అమ్మ పోలికే కదా నాన్నా."

మౌస్ మీద వేళ్లు కదలడం లేదు. చూడమనీ అనలేకపోయాను, మూసేయమనీ అనలేకపోయాను. నా కుర్చీ తన పక్కకు లాక్కున్నాను.