ఎక్స్‌రే బాబాయ్ వదిలేసిన రోజు

"తెరువమ్మా, ఇంకా తెరువు. ఆ లోపలి జిప్పు కూడా."

ముందున్న అమ్మాయి విసుక్కుంటూ సంచీ బోర్లా పట్టుకుంది. గొడుగు, దువ్వెన, సగం తిన్న బిస్కెట్ల పొట్లం బల్ల మీద పడ్డాయి. ఆయన వాటిని పక్కకి నెట్టి, అడుగునున్న పుస్తకం తీసి, వెనక అట్ట తిప్పి, గడువు తేదీ ముద్ర మీద బొటనవేలు ఆనించి చూసి, ఇక పొమ్మన్నట్టు గడ్డం ఎగరేశాడు. యూనివర్సిటీ లైబ్రరీ గేటు దగ్గర ఆయన ఉద్యోగమల్లా ఇదే. బయటికి పోయే ప్రతి సంచీ చూడాలి, ముద్ర ఉంటే వదలాలి. వీపున ఎర్రచీటీ అంటించిన పుస్తకమైతే లోపల కూర్చుని చదువుకోవాల్సిందే గానీ గేటు దాటకూడదు, సాక్షాత్తూ వైస్ ఛాన్సలర్ వచ్చి అడిగినా సరే.

చొక్కా లోపల దోపుకున్నా పట్టేస్తాడని పిల్లలు ఎక్స్‌రే అని పేరు పెట్టారు. ఎదురుగా మాత్రం బాబాయ్ అంటారు. మనిషి చూడబోతే బక్కపలచన. చెంపలు పీక్కుపోయి, బొటనవేలి గోరు ముద్రల సిరా పట్టి ఎప్పుడూ ఊదారంగులో ఉండేది. జాలన్నది మాత్రం ఆయన ఇంటా వంటా లేదు. ఒకసారి నడుం దగ్గర ఎత్తుగా ఉందని ఓ కుర్రాడి చేత అందరి ముందూ చొక్కా విప్పించాడు. తీరా చూస్తే అది నడుంనొప్పికి కట్టుకున్న పట్టీ! "సరే, వేసుకో" అన్నాడే తప్ప అయ్యో అనలేదు.

ఈ వారం మరీ కరుకుగా ఉన్నాడు. ఉండడా మరి? ఎర్రచీటీ పుస్తకాలు మాయమవుతున్నాయని లైబ్రేరియన్, అందరూ పెద్దసారు అనే ఆయన, గదిలోకి పిలిచి మరీ చెప్పాడు. "ఇంకొక్కటి పోయిందంటే నీ ఉద్యోగమూ ఉండదు, సైకిల్ స్టాండు వెనక నీకిచ్చిన గదీ ఉండదు. తట్టాబుట్టా సర్దుకోవడమే." మొగుడూ పెళ్ళాలకి ఆ గది తప్ప తలదాచుకునే చోటు లేదు.

పొద్దున్న ఎడమచెయ్యి లాగుతోందంటే భార్య, "డాక్టరు దగ్గరికి పోవయ్యా, గేటేం పారిపోదు" అంది.

"గేటు పారిపోదే, పుస్తకాలు పారిపోతాయి" అని చొక్కా తొడుక్కున్నాడు.

మధ్యాహ్నం కాకముందే ఆ లాగుడు గుండెల్లోకి పాకింది. చొక్కా చెమటకి ఒంటికి అతుక్కుపోయింది. పెద్దసారు అటుగా వస్తే లేచి నిలబడ్డాడు.

"సారూ, ఒక్క గంట. ఆస్పత్రికి వెళ్ళొస్తాను."

"పరీక్షల రోజుల్లోనా? గేటు ఎవరు చూస్తారు, నేనా? గ్యాసయ్యుంటుంది. సాయంత్రం వెళ్ళు."

కాసిని మంచినీళ్ళు తాగమని కూడా అనలేదు మహానుభావుడు. ఈయనా ఇంకో మాట అడగలేదు. గేటు దగ్గర ఇన్నేళ్ళూ తను పిల్లలకి చెప్పిన జవాబూ ఇలాంటిదే.

కాసేపటికి ఓ రీసెర్చి అమ్మాయి ఇటుకలాంటి ఎర్రచీటీ పుస్తకం పట్టుకొచ్చింది.

"బాబాయ్, రేపే నా వైవా. మా అమ్మ ఆస్పత్రిలో ఉంది, ఆ మంచం పక్కనే కూర్చుని చదువుకోవాలి. ఈ ఒక్క రాత్రికి వదులు. పొద్దున్నే తెచ్చి నీ చేతిలో పెడతా."

"అమ్మకి జబ్బు చేస్తే పుస్తకమేం చేస్తుంది? లోపల పెట్టు."

ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటూ వెనక్కి పోయింది. ఆయన కుర్చీలో కూలబడి, గోడకి తల ఆనించి, నొప్పి చేతిని ఒళ్ళో పెట్టుకున్నాడు. చూపు మాత్రం గేటు మీదే పెట్టాడు. పెట్టిన చూపు పెట్టినట్టే ఉండిపోయింది.

ఎండ తిరిగాక అమ్మాయి మళ్ళీ వచ్చింది. ఈసారి పుస్తకం సంచీలో ఉంది. కళ్ళు కప్పి దాటేద్దామనే వచ్చింది గానీ, ఆ కళ్ళు సూటిగా తనవైపే ఉండేసరికి ఆగిపోయింది. అలవాటు కొద్దీ సంచీ తెరిచి ఆయన ముందు పెట్టింది. ఎర్రచీటీ కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. తిట్లకి సిద్ధపడి తల వంచుకుంది. ఆయన ఏమీ అనలేదు. చూశాడు, చూసీ వదిలేశాడు అనుకుంది. ఆమెకి ఏడుపు తన్నుకొచ్చింది.

"నీ మేలు మర్చిపోను బాబాయ్" అని గబగబా మెట్లు దిగింది.

దిగుతూ ఎవరి చెవినో వేసినట్టుంది. అలాంటి కబురు ఆగుతుందా! ఎక్స్‌రే ఇవాళ చూసీ చూడనట్టు వదిలేస్తున్నాడంటే హాలు హాలంతా కదిలింది. ఒకడు ఎర్రచీటీ పుస్తకాన్ని చంకలో పెట్టుకునే పోయాడు. ఇంకొకడు సలాం కొట్టి మరీ పోయాడు.

మూసేవేళకి పెద్దసారు ఖాళీ అరలు చూసి ఊగిపోతూ గేటు దగ్గరికొచ్చాడు. "కళ్ళు తెరుచుకుని నిద్రపోతున్నావా? నా కొంప ముంచావు కదరా!" అని భుజం పట్టి కుదిపాడు. మనిషి పక్కకి ఒరిగిపోయాడు.

భార్య వచ్చేసరికి అదే బల్ల మీద పడుకోబెట్టారు. పోయి చాలాసేపయిందని డాక్టరు చెప్పి వెళ్ళాడు. మోసుకుపోవడానికి మనుషులు వంగుతుంటే పెద్దసారు, "ఆగండి. ఒంటి మీద ఏమైనా దోపుకున్నాడేమో చూడండి" అన్నాడు. ఎవరికీ చెయ్యి రాలేదు. ఆమే ముందుకొచ్చి మొగుడి చొక్కా గుండీలు ఒక్కొక్కటే విప్పింది.

"చూడండి సారూ. ఈయనా అందర్నీ ఇలాగే చూసేవాడు."

పెద్దసారు చూశాడు. చూసి, పంపమన్నాడు. మళ్ళీ పిలిపించే శ్రమ ఎందుకనుకున్నాడో ఏమో, గది ఖాళీ చెయ్యాలని కూడా ఆమెకి అప్పుడే చెప్పేశాడు.

మర్నాడు పొద్దున్నే రీసెర్చి అమ్మాయి అన్న మాట ప్రకారం పుస్తకం తెచ్చింది. గేటు దగ్గర కొత్తమనిషి ఉన్నాడు. పుస్తకాలతో పట్టుబడితే పేరు కొట్టేస్తామని పెద్దసారు మెట్ల మీద నిలబడి అరుస్తున్నాడు. ఎక్స్‌రే ఎప్పుడు పోయాడో పక్కనున్నవాళ్ళు చెబితే విని, తను నిన్న మేలు మర్చిపోనని ఎవరికి చెప్పి వెళ్ళిందో ఆమెకి తెలిసింది. సంచీని గుండెలకి అదుముకుని వచ్చిన దారినే పోయింది. ఆ పుస్తకం మళ్ళీ రాలేదు.

కొత్తమనిషి కుర్చీ ముందుకి లాక్కుని బల్ల కింద కాళ్ళు చాపాడు. ఏదో తగిలితే వంగి చూసి, కాలితోనే గోడవారకి నెట్టేశాడు. మడమల దగ్గర అరిగిపోయిన ఒక జత చెప్పులు, వాటిలో ఒకదాని తెగిన పట్టీ పుస్తకాలు కుట్టే దారంతో కుట్టి ఉంది.